రిజిస్టరుల పట్టిక: విద్యార్థులకొక మనవి

మైక్రోకంట్రోలరు ఒక్క చిప్పునందే యిమిడిన చిన్న కంప్యూటరు. దానితో పనిచేయు విద్యార్థులలో ననేకులు రిజిస్టరుల పట్టికను జూడకయే ప్రోగ్రాము వ్రాయుచున్నారు. కంపైలరే సర్వమును జక్కబెట్టునని వారి సమాధానము. అది సగమే సత్యమని మా యభిప్రాయము.

ఆర్డువీనో మెగా పలకయందలి ఏటీమెగా 2560 చిప్పును దీసికొందము. దాని 13వ పిన్ను బి-పోర్టునకును, 7వ పిన్ను హెచ్-పోర్టునకును జెందినవి. చూపునకు రెండును సమానములే. కాని యొక బిట్టును 1 చేయు ఎస్‌బిఐ యను నాదేశము 0 మొదలు 31 వఱకుగల ఐ-ఓ చిరునామాలనే యందుకొనగలదు. బి-పోర్టు రిజిస్టరు అందులో 5వది. కనుక 2 బైట్ల యాదేశ మొక్కటియు, 2 గడియారపు స్పందనలును జాలును. హెచ్-పోర్టు రిజిస్టరు ఆ పరిధికి వెలుపల, 258వ డేటా చిరునామాలో నున్నది. దానిని జదివి, మార్చి, తిరిగి వ్రాయుటకు మూడాదేశములు, 10 బైట్లు, 5 స్పందనలు పట్టును. బల్లమీది పుస్తకమున గీత గీయుటకును, అటకపైనున్న పుస్తకమును దింపి, గీత గీసి, మరల నెక్కించుటకును గల భేదమే యిది.

ఇందు వేగమే గాక భద్రతయు నున్నది. ఆ మూడాదేశముల నడుమ ఇంటరప్టు వచ్చి, ఆ పోర్టునకే కట్టిన యొక మోటారును ఆపెననుకొందము. ప్రోగ్రాము తాను ముందు చదివిన పాత విలువనే తిరిగి వ్రాయును. ఆగిన మోటారు మరల తిరుగ నారంభించును. ఒక్క యాదేశమున ముగియు పనికి ఈ ప్రమాదము లేదు.

కంపైలరు ఆదేశములను జక్కగా నేరుకొనును, నిజమే. కాని ఏ తీగను ఏ పిన్నునకు గలుపవలెనో నిర్ణయించువారము మనమే. టంకము పెట్టిన తీగను అది కదల్పజాలదు.

దగ్గరి పిన్నులు అన్ని పనులకును జాలవని కొందఱందురు. చాలనక్కఱలేదు. అప్పుడప్పుడు వెలుగు దీపమునకు ఏ పిన్నైనను సరిపోవును. క్షణక్షణమును జరుగు పనికిని, ఇంటరప్టుతో సంబంధించిన పనికిని మాత్రము దగ్గరివానిని ముందుగా నుంచవలెను. దూరపు రిజిస్టరును నేరుగా మార్చక తప్పనిచో, ఆ మూడాదేశములు ముగియువఱకు ఇంటరప్టులను నిలిపియుంచవలెను.

విద్యార్థులారా, తీగను జేతబట్టుటకు ముందు ఆ పట్టికను ఒక్కమాఱు చదువుడు. యంత్రమునకు మన యుద్దేశము తెలియదు. మనము వ్రాసినదే తెలియును.