రంగు వేయని చోటు

కోలారు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో రాత్రి వాన కురిసి తెల్లారి ఎండ కాసిందంటే, నాలుగు రోజులుగా కదలని కారును బయటికి తీసేవాళ్లకు ఒక చప్పుడు ఎదురవుతుంది. గేటు దాటి మొదటి బ్రేకు తొక్కగానే చక్రం దగ్గర గరగరమంటుంది. వంగి చూస్తే, మొన్నటిదాకా అద్దంలా మెరిసిన బ్రేక్ డిస్క్ మీద పల్చటి ఎర్ర పొర కనిపిస్తుంది. దాన్ని చూసి గుండె గుభేల్మని షెడ్డుకు పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. అంత కంగారు అక్కర్లేదు. బస్టాండు చేరేలోగా నాలుగు బ్రేకులు పడితే ప్యాడ్ల రాపిడికి ఆ పొర దానంతటదే పోతుంది. డిస్క్ పోత ఇనుముతో చేసింది. తడి, గాలి రెండూ తగిలితే ఒక్క రాత్రిలో ఎర్రబారడం దాని నైజం. పని చేసే ముఖాన్ని పనే శుభ్రం చేసుకుంటుంది.

అసలు తుప్పు పట్టేది ప్యాడ్ తగలని చోట్ల. డిస్క్ అంచు, చక్రం బిగించే హబ్ ముఖం, ప్యాడ్ల చెవులు జారే గాడులు, డ్రమ్ము పైభాగం - వీటిని రుద్దేవాళ్లెవరూ లేరు. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే గాడుల్లో తుప్పు పేరుకుంటే ప్యాడ్ బిగుసుకుపోతుంది, బ్రేకు వదిలినా చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. హబ్ మీది తుప్పు గీకకుండా కొత్త డిస్క్ ఎక్కిస్తే అది వెంట్రుకవాసి ఒరిగి కూర్చుంటుంది, కొన్నాళ్లకు బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. రంగు అవసరం అక్కడే. కొన్ని కొత్త డిస్క్‌లు బూడిదరంగు జింకు పూతతోనే వస్తాయి. రాపిడి తగిలే మేర ఆ పూత కొద్ది దూరంలోనే చెరిగిపోతుంది, మిగతా చోట నిలిచి కాపలా కాస్తుంది. పూత లేనివాటికి మనమే వేసుకోవాలి.

వేయడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక కావాలంతే. వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, ఎమరీ కాగితం పట్టించి, జిడ్డు లేకుండా తుడిచి, ప్యాడ్ తాకే ముఖానికి మాస్కింగ్ టేపు అంటించి, అప్పుడు పల్చగా రెండు పూతలు వేయాలి. ఇంటి గేటుకు వేసే ఎనామిల్ పనికిరాదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డిస్క్ వేడి వందల డిగ్రీలకు చేరుతుంది, మామూలు రంగు మాడి పొట్టు రాలుతుంది. బైకు సైలెన్సర్లకు వేసేలాంటి, వేడికి ఆగే పెయింటు కావాలి. హబ్ ముఖం మీద మాత్రం మందంగా మెత్తితే మళ్లీ ఒరుగే. పొరపాటున ప్యాడ్ తాకే ముఖం మీద రంగు పడిందా, తుడిచేదాకా బండి కదపకూడదు. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే వేసిన రంగే కరిగి లేచిపోతుందన్నది ఇంకో సంగతి. ఆ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కూడా ఉంది. ఏళ్ల తరబడి మార్చకపోతే పైపులు లోపలినుంచే తుప్పు పడతాయి. అక్కడికి ఏ కుంచె చేరుతుంది?

కోలారు సీమలో వానలు తక్కువ, సముద్రం దూరం. విశాఖ, కాకినాడల ఉప్పుగాలి ఇక్కడ లేదు. మిషిగన్, న్యూజెర్సీల్లో మనవాళ్లు చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పుతో పడే పాట్లూ లేవు. ఇక్కడి చిక్కల్లా బండి కదలకపోవడమే. పనికెళ్లేవాళ్లు తెల్లారకముందే మారికుప్పం నుంచి వచ్చే రైలు అందుకుని బెంగళూరు చేరుకుంటారు. కారు కవరు కింద ఉండిపోతుంది. నెలకోసారి తిరుపతి ప్రయాణమంటే బేతమంగల, వి.కోట, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగాలి. ఇన్నాళ్లు నిద్రపోయిన బ్రేకులతో ఒక్కసారిగా అంత పని. నిలిపి ఉంచే బండికి హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయకుండా, చదునైన చోట గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం వేయమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. తడిసిన డ్రమ్ముకు లైనింగ్ అతుక్కుంటే రావడానికి మొరాయిస్తుంది. ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే తంటా. వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేసేస్తుంటే డిస్క్‌కు రాపిడి దొరకదు. అందుకే ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3 వెనక చక్రాలకు మూసి ఉండే పాతకాలపు డ్రమ్ము బ్రేకులే పెట్టింది.

బ్రేకు అన్న మాట ఈ ఊళ్లో కార్లతో మొదలైంది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన దగ్గర్నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, భూమిలోకి దిగిన ప్రతి మనిషి ప్రాణం వైండింగ్ ఇంజను డ్రైవరు చేతిలోని బ్రేకు మీద ఆధారపడింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. మనుషుల బోనును దించే తాడును చుట్టుకునే ఆ ఇంజను డ్రమ్ము ఆగాల్సిన చోట ఆగకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆ యంత్రానికి ఎన్ని చోట్ల ఎంత రంగు పూసినా, బ్రేకు కట్టె పట్టే వలయానికి మాత్రం పూత ఉండదు. అది రాపిడితోనే మెరవాలి.

తుప్పు పట్టని లోహం కోసం తుప్పు పట్టే లోహాన్ని గుట్టలుగా దించిన ఊరు ఇది. పంపులు ఆగాక గనుల్లోకి నీళ్లు చేరాయి. నీట మునిగిన ఇనుముకు గాలి సరిగ్గా అందదు కాబట్టి అక్కడ తుప్పు నెమ్మదిస్తుంది. ఎక్కువ దెబ్బ తినేది గాలీ వానా రెండూ తగిలే హెడ్‌గేర్లకే. షాఫ్టుల నెత్తిన నిలబడ్డ ఆ ఇనుప గోపురాలకు గని నడిచినన్నాళ్లూ రంగు వేసే చేతులుండేవి. ఇప్పుడు బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బల మీదుగా వచ్చే దుమ్ము, ఏటేటా వాన, అంతే.

మన దగ్గర కిటికీ ఊచ నుంచి రైల్వే వంతెన దాకా ఇనుముకు మొదటి పూత ఎక్కువగా రెడ్ ఆక్సైడే. దాని ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, అంటే తుప్పుకు అన్నదమ్ముల వరస. ముల్లును ముల్లుతోనే తీసినట్టు, తుప్పు రంగునే తుప్పుకు అడ్డం పెడుతున్నాం. దానికి ముందు సిందూరమే వేసేవాళ్లు. అందులో సీసం ఉంది కాబట్టి, ఒంటికి చేటని వదిలేశారు. గనుల చరిత్రకు ప్రదర్శనశాల కట్టాలనే మాట మంచిదే, కానీ అది ఎప్పటికయ్యేనో. ఈలోగా మిగిలి ఉన్న హెడ్‌గేర్లకు ఒక విడత వైర్ బ్రష్, రెండు పూతల రెడ్ ఆక్సైడ్ పడితే చాలదా? బుల్డోజర్లు తయారుచేసే బీఈఎంఎల్ ఈ ఊళ్లోనే ఉంది. ఇనుముకు రంగు వేయడం తెలిసిన చేతులకు ఇక్కడ కొదవలేదు.

ఎక్కే కూలీకి ఒక మాట చెప్పాలి. హెడ్‌గేర్ కొసన పెద్ద కప్పీ చక్రం ఉంటుంది. దాని గాడిలో తాడు నడిచినన్నాళ్లూ రాపిడికి అది తెల్లగా మెరుస్తూ ఉండేది, రంగు అవసరమే రాలేదు. ఇప్పుడు తాడు లేదు. కుంచె ఆ గాడిలోకీ పోనివ్వాలి.