మట్టికి బెల్లం, పప్పుల పిండి… మన పిల్లలకు ఐదు రూపాయల ప్యాకెట్టా?



ఈసారి వీడియోలో పంట లేదు, మా వంటిల్లు ఉంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ ముందు ఒక లెక్క వినండి. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలిపేటప్పుడు పేడ, మూత్రంతో పాటు 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేస్తం. తెగులు వస్తే పుల్ల మజ్జిగ కొడతం. మట్టిలో కంటికి కనబడని జీవాలను ఇంత బాగా మేపే నేను, మా ఐదేళ్ల బిడ్డ రాత్రిపూట ఏం తింటుందో సరిగ్గా చూడనేలేదు.

పోయిన వానాకాలం అంగన్‌వాడీలో తూకం వేస్తే చార్టులో చుక్క పచ్చరంగు దాటి పసుపులో పడ్డది. ఇంట్లో పాలిచ్చే ఆవులు రెండు. నేను వ్యవసాయ డిప్లొమా చదివిన, ఊరూరా తిరిగి పోషకాల గురించి మాట్లాడే మనిషిని. సిగ్గయింది.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పొద్దుటి పాలు కేంద్రానికి పోతాయి. సాయంత్రం పాలు తోడేసి, చిలికి, నెయ్యి చేసి హనుమకొండలో అమ్ముతం. మిగిలిన మజ్జిగ స్ప్రే డ్రమ్ములోకి. ఇంటికి దక్కేది చాయ్‌కి పావు లీటరు. వెన్న తీసినా మాంసకృత్తులు, కాల్షియం మజ్జిగలోనే ఉంటాయి. అంటే అసలు సత్తువంతా నేను ఆకుల మీద కొడుతున్న!

మహబూబాబాద్ దిక్కు మిరప రైతుల ఇండ్లల్ల, భూపాలపల్లి దిక్కు పత్తి రైతుల ఇండ్లల్ల కూడా ఇదే చూసిన. కొట్టంలో ఆవు, వాకిట్లో చిప్స్ కాగితాలు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లలు నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. అంతకుముందు 2015-16 సర్వేలో ఆ లెక్క 28. తగ్గాల్సింది పెరిగింది.

“పిల్ల తినదన్నా, ఏం జేస్తం?” అంటరు. మా ఇంట్ల కూడా అదే మాట. నేననేది, పిల్ల మొండిది కాదు. ఆరింటికి ప్యాకెట్ తిన్న కడుపుకు ఏడున్నరకు ఆకలెట్లయితది? పైగా మనం పెట్టేది పుల్లటి పెరుగు, కారం కూర. మొదలు ప్యాకెట్ ఆపినం. రెండు రోజులు ఏడ్చింది, మా అమ్మ నన్ను తిట్టింది. మూడో రోజు పళ్లెం ముందుకొచ్చి కూచుంది.

ఇప్పుడు సాయంత్రం పాలల్ల ఒక లీటరు ఎవరికీ పొయ్యం. మా బిడ్డకు బాగా నచ్చింది పాలల్ల తోడేసిన అన్నం. మధ్యాహ్నం మెత్తగా వండి, మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేస్తే రాత్రికి కమ్మగా తోడుకుంటుంది. పులుపు అసలుండదు. ఆనిగెపుకాయ (సొరకాయ) ముక్కలు ఉడికినంక, ఉప్పు తక్కువేసి, పాలు పోసి దగ్గరికి చేసిన కూర కారం లేకుండానే లాగించేస్తది. జొన్న గట్కలో పెరుగు, జీలకర్ర పొడి. పాలు పలిగిన రోజు పారబొయ్యం. నీళ్లు వంచి, ఉల్లిగడ్డ, కొంచెం పసుపు వేసి గుడ్డు పొరటు లెక్క చేస్తం. వీటిల్లో ఏదీ అరగంట మించదు. చేనునుంచి అలసిపోయి వచ్చిన ఆడవాళ్లకు అంతకన్నా పెద్ద వంట చెప్పడం న్యాయం కాదు. అన్నట్టు, అన్నం తోడేసే పని మా ఇంట్ల నాదే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. అర లీటరు ఆవుపాలల్ల సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు, 600 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కేంద్రంలో ఆ అర లీటరుకు నాకొచ్చేది ఇరవై చిల్లర. రోజుకు నాలుగు ప్యాకెట్లు కొంటే అదే ఇరవై.

మనోళ్లకు నచ్చని మాట ఒకటి చెప్తా. దేశీ ఆవు పాలు అన్ని రోగాలకు మందని నేను అనను. ఇంట్ల బర్రె ఉంటే బర్రె పాలే పెట్టండి, కాల్షియం అందులో ఇంకా ఎక్కువ. పచ్చి పాలు మాత్రం తాపొద్దు, పొంగు వచ్చేదాకా కాచాల్సిందే. పాలల్ల ఇనుము తక్కువ కాబట్టి పాలతోనే కడుపు నింపితే రక్తం తగ్గుతది. తోటకూర, పప్పు, గుడ్డు పక్కన ఉండాలె.

మా జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే బమ్మెర ఉంది. పోతన భాగవతంలో గోపబాలురు చల్దులు తినే ఘట్టం గుర్తుందా? అందరూ గుండ్రంగా కూచుని, ఒకరినొకరు ఊరగాయలతో ఊరించుకుంటూ తింటరు. ముద్ద పట్టుకొని వెనక ఉరికే తల్లి అక్కడ లేదు, ఫోన్ అంతకన్నా లేదు. అది చదివినంకనే మా పిల్లను, మా అన్న పిల్లలిద్దరినీ ఒకేచోట కూచోబెడుతున్నం. పక్కోడు రెండోసారి అడిగితే మా బిడ్డ కూడా పళ్లెం చాపుతుంది.

మొన్నటి తూకంలో చుక్క పచ్చరంగు అంచుకు వచ్చింది. ఇంకా లోపలికి పోవాలె. పాలు, అన్నం పాళ్లు వీడియోలో చూపించిన. మీ ఇంట్ల పిల్లలు ఏది తిన్నరు, ఏది ఉమ్మేసిన్రు, కింద రాయండి. మజ్జిగ డ్రమ్ములో పోసే ముందు మాత్రం ఒక చెంబు పక్కకు తీయండి.