ఓడలును బండ్లును

“ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అను మాట తెలుగునాట తరతరములుగా నలుగురి నోట నానుచున్నది. కలిమిలేముల మార్పును చెప్పుటకే లోకము ఈ సామెతను వాడుచున్నది. కాని దాని పదములను పదములుగానే తీసికొన్నచో వర్తకధర్మమొకటి అందు కానవచ్చును. రేవున ఓడ నిలిచినంత మాత్రమున వర్తకము పుట్టదు. లోనాటి పల్లెనుండి బయలుదేరిన బండి రేవునకు చేరవలెను. బండిలోని మూట ఓడ నెక్కవలెను. ఓడలో వచ్చిన సొమ్ము మరల బండి నెక్కి పల్లెకు పోవలెను. ఈ రెంటిలో ఒకదానినే చూచి వేఱొకదానిని మఱచిన చరిత్ర సగము చరిత్రయే. నేటి యువకులు మిక్కిలి మక్కువతో ఆడుచున్న చారిత్రక వ్యూహక్రీడలు ఈ సగము చరిత్రనే సమగ్ర చరిత్రగా చూపుచున్నవి.

ఈ క్రీడలనగా కంప్యూటరు తెరమీద ఆడునవి. ఆడువాడు ఒక రాజ్యమునకు అధిపతియై సైన్యమును, కోశమును, రాయబారములను నడపును. 1991లో వెలువడిన ‘సివిలిజేషన్’ ఈ జాతి ఆటలకు పెద్దపేరు తెచ్చెను. స్వీడను దేశపు పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసిన ‘యూరోపా యూనివర్సాలిస్’ నాలుగవ భాగము వర్తకమునకు మఱింత ప్రాధాన్యమిచ్చినది. 1444 మొదలు 1821 వఱకు గల కాలము దాని రంగస్థలము. లోకములోని వర్తకమంతయు అందు కొన్ని కూడళ్లుగా విభజింపబడినది. వానిలో కోరమాండలు, అనగా మన తూర్పుతీరము, ఒకటి. ఒక్కొక్క కూడలిలో చేరిన సంపదను రాజ్యములు తమ తమ వర్తకబలమును బట్టి పంచుకొనును. స్వాధీనములోని ఊళ్లును, రేవులును, పంపబడిన వర్తకులును ఈ బలమునకు ఆధారములు. వీనితోపాటు తేలికనౌకల దండునొకదానిని ఆ కూడలికి పంపి వర్తకమును కాపాడుమని ఆజ్ఞాపించినచో ఓడల సంఖ్యను బట్టి బలము పెరుగును. పరుల భాగమును తగ్గించుటకు ఓడదొంగలవలె దోచు దండులను పంపు ఉపాయము కూడ కలదు. తన భాగము తక్కువైనచో ఆటగాడు ఇంకను పది ఓడలు కట్టించును. రాబడి పెరుగును. లెక్క సరిపోవును.

వీనిని కాలయాపన యని త్రోసిపుచ్చుట పెద్దలకు సులభము. కాని అది న్యాయము కాదు. సముద్రమునకు దూరముగా కొండల నీడలోనున్న గొలుగొండ వంటి ఊర పెరిగిన విద్యార్థి హోర్ముజు, మలక్కా, ఏడెను రేవులు ఎక్కడనున్నవో పటము చూడకయే చెప్పగలిగినచో, ఆ జ్ఞానము పాఠ్యపుస్తకము పెట్టినది కాకపోవచ్చును. ఆట పెట్టిన భిక్షయే కావచ్చును. పరీక్ష ముగిసిన మఱునాడే మఱపునకు వచ్చు సంవత్సరముల పట్టికకంటె ఇది మేలు. అయితే ఇంత లోతుగా నాటుకొను విద్య గనుకనే అది దేనిని నాటుచున్నదో విచారింపవలసియున్నది. ఓడల సంఖ్యయే వర్తకపు వాటాను నిర్ణయించునను సూత్రము ఎంతవఱకు నిజము? ఈ ప్రశ్నకు తెలుగుతీరపు చరిత్రకంటె తగిన సాక్షి దొరకదు.

సూత్రములో సత్యము లేకపోలేదు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన పిమ్మట బుడతకీచులు హిందూ మహాసముద్రమున తమ నౌకాబలమును విస్తరింపజేసి, ‘కార్తాజు’ అను అనుమతిపత్రము లేని ఓడను పట్టుకొను హక్కు తమకు కలదని ప్రకటించిరి. అంతవఱకు ఎవరి సొత్తును కాని నీటిమీద సుంకపు చావడి వెలసినట్లయినది. మచిలీపట్నపు ఓడలును ఆ పత్రములు పుచ్చుకొని పయనింపవలసి వచ్చెను. 1641లో మలక్కాను గైకొన్న డచ్చివారు తామును అట్టి పత్రములనే సాధనముగా చేసికొని, తూర్పుదీవులకు పోవు ఓడలను అదుపులో పెట్టజూచిరి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోయి మూడు యుద్ధనౌకలతో విశాఖపట్నపు రేవుపై పడి, ఆంగ్లేయుల ‘సెంచూరియన్’ నౌకతో పోరాడెను. దాని రక్షణలోనున్న రెండు వర్తకనౌకలలో ‘బార్నబీ’ ఒడ్డునబడి పగిలెను. ‘ప్రిన్సెస్ షార్లెట్’ ఫ్రెంచివారి చేత చిక్కెను. 1942 ఏప్రిలులో జపాను నౌకాదళము బంగాళాఖాతమున కొలదిదినములలో ఇరువదికిపైగా వర్తకనౌకలను ముంచెను. ఆ నెల 6వ తేదీన విశాఖపట్నము, కాకినాడలమీద బాంబులు పడెను. నౌకాదండు వర్తకమును ఆపగలదు, మళ్లింపగలదు, దోచగలదు. ఇంతవఱకు ఆట చెప్పునది నిజమే.

కాని ఆపుట వేఱు, పుట్టించుట వేఱు. నీటిమీద ఎంతటి బలవంతుడైనను నేలమీద ఒకరి దయకు లోబడియుండవలసినదే. డచ్చివారు 1606లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్నమున వర్తకస్థానములు పెట్టుకొనిరి. వారి ఓడలలో ఫిరంగులు కలవు. కాని వారి గిడ్డంగులకు బియ్యము, మంచినీరు, బట్టల మూటలు లోనాటినుండియే రావలెను. గోలకొండ అధికారి ఆ దారిని కట్టివేసినచో ఫిరంగి పనికిరాకపోవును. 1656లో మదరాసులోని ఆంగ్లేయులు మీర్ జుమ్లాకు చెందిన ఓడనొకదానిని పట్టుకొనిరి. ఆయన అప్పటికి గోలకొండను విడిచి మొగలుల కొలువు చేరియుండెను. అయినను 1657లో ఆయన మనుష్యులు మదరాసును ముట్టడించి మరుసటి యేడు వఱకు విడువలేదు. నీటిమీద చేసిన అప్పును నేలమీద తీర్చవలసి వచ్చెను. 1686లో డచ్చివారు తమకు రావలసిన బాకీల పేర మచిలీపట్నమునే ఆక్రమించిరి. మరుసటి యేడు గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. ఇన్ని దెబ్బలు తిన్న ఆ రేవు మునుపటి వైభవమును మరల పొందలేదు. గొంతు నులిమినవానికి పాట వినబడదు గదా!

వర్తకమును పిలుచు విద్య వేఱొకటి కలదు. దానిని నేర్పినవాడు కాకతీయ గణపతిదేవుడు. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయమున ఆయన వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. దాని కాలము శక సంవత్సరము 1166, అనగా క్రీ.శ. 1244–45. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు అన్నియు బలవంతముగా గైకొనుచుండిరట. ప్రాణముకంటెను ధనము మిన్నయని యెంచి సముద్రమున సాహసించు వర్తకులయెడ దయదలచి, కీర్తిని ధర్మమును కోరి, ఏర్పాటైన సుంకము తప్ప తాము మఱేమియు పుచ్చుకొనబోమని గణపతిదేవుడు ప్రకటించెను. సుంకము ఎగుమతులకైనను దిగుమతులకైనను ముప్పదింట ఒకపాలు. ఆ శాసనమున యుద్ధనౌకల ఊసు లేదు. ఒక మాట కలదు, ఆ మాటకు రాతిస్తంభము సాక్షి కలదు. రుద్రమదేవి కాలపు మోటుపల్లిని మార్కోపోలో తన గ్రంథమున వర్ణించుట ఆ మాట వృథా పోలేదనుటకు నిదర్శనము.

కాకతీయ రాజ్యము పోయినను ఆ నీతి పోలేదు. 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో మఱియొక శాసనము వేయించి, రేవున కాపురముండ వచ్చు వర్తకులకు భూములిత్తుననియు, పోదలచినప్పుడు అడ్డగింపననియు మాట యిచ్చెను. ఆ రెడ్డిరాజుల కాలముననే అవచి తిప్పయసెట్టి పరద్వీపములనుండి కర్పూరాది సుగంధద్రవ్యములు, ఏనుగులు, గుఱ్ఱములు తెప్పించెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఆ సెట్టికే. కవి కావ్యమునకు కృతిపతి కాదగినవాడు దండనాథుడే కానక్కరలేదని నాటి తెలుగుసమాజ మెఱిగియుండెను. వ్యూహక్రీడలో ఇట్టి అభయమునకు చోటెక్కడ? మాట తప్పని రాజు రేవునకు ఓడలు తామై వచ్చుననెడి లెక్క, దండులోని ఓడల లెక్కవలె ఆటగాని కంటికి కానరాదు.

ఆటలోని రెండవ లోపము సంపద ప్రవహించు దిక్కు. అందు కూడలినుండి కూడలికి పోవు దారి ముందుగానే నిర్ణయింపబడినది. ఆ ప్రవాహము ముగియు కూడళ్లు మూడును ఐరోపాలోనివే: ఇంగ్లీషు ఛానలు, జెనోవా, వెనీసు. ఎంతటి దండును పంపినను ప్రవాహము వెనుకకు మళ్లదు. పదునేడవ శతాబ్ది సత్యము ఇందుకు భిన్నము. తూర్పుదీవులవారు తమ మిరియములకును లవంగములకును బదులుగా కోరినది ఐరోపా సరకును కాదు. మన తీరపు అద్దకపు బట్టలను. అందుచేతనే కోరమాండలు తీరము మలుకుదీవులకు ఎడమచేయివంటిదని డచ్చి అధికారి యొకడు వర్ణించెను. ఆ బట్టలకై డచ్చివారును ఆంగ్లేయులును వెండిబంగారములు తెచ్చి మచిలీపట్నమున దింపుచుండిరి. ఐరోపాకు పోవు నదియే లోకమున ఉన్న ఏకైక నది యనుట ఐరోపావారి ఇంటి కిటికీలోనుండి చూచిన చూపు. తెలుగు విద్యార్థి ఆ కిటికీనే లోకమనుకొనుట విచారకరము.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. ఆటలో బట్ట కలదు, నేతగాడు లేడు. బట్ట యనగా ఒక ఊరి పేరుప్రక్క నిలిచిన చిన్న గుర్తు, దాని వెల యొక అంకె. నౌకాదండు పోటీదారులను తరిమివేసినచో ఆటగానికి లాభము వచ్చును. ఆ లాభము ఎవరి చేతినుండి జారినదో తెర చెప్పదు. చరిత్ర చెప్పుచున్నది. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకులు పోటీపడి కొనుచున్నంతకాలము తెలుగు నేతగాడు ఒకరి బయానా తిరిగి యిచ్చి, ఇంకొకరికి అమ్ముకొనగలిగెను. 1759లో మచిలీపట్నము ఫ్రెంచివారినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు వారికి దక్కెను. కొనువాడొక్కడే మిగిలెను. బయానా సంకెలయ్యెను. ఆ శతాబ్ది చివర గోదావరి, విశాఖ మండలముల నేతగాండ్రు కుంఫిణీపై ఆందోళనకు దిగుటకు కారణ మిదియే. పిమ్మట మరయంత్రపు బట్ట వచ్చి ఆ మగ్గములనే మూల పడవేసెను. ఫిరంగి గెలిచిన దినమున మగ్గము ఓడినదను సంగతి ఏ యుద్ధచిత్రమునను కానరాదు.

ఓడకును పుట్టిల్లు అడవియే. గోదావరి ముఖమునందలి నరసాపురము పదునేడవ శతాబ్దిలో ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి చెందెను. నది మీదుగా దిగివచ్చిన కలప దానికి ఆధారము. ఆటలో కలప యొక సరకు, అంతే. కొండనుండి మైదానమునకు దిగు దారికి ఎవరు చెమటోడ్చిరో అందు ప్రశ్న లేదు. గొలుగొండ ప్రాంతమునకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 1882 నాటి మదరాసు అటవీచట్టము అడవిపై గిరిజనుల అనుభవమును కుదించెను. నర్సీపట్నమునుండి చింతపల్లి వైపు కొండదారి వేయుటలో వారికి న్యాయమైన కూలి యీయకపోవుట 1922 నాటి తిరుగుబాటునకు కారణములలో ఒకటి. ఆ ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా ముట్టడించిన మూడు పోలీసుఠాణాలలో కృష్ణదేవిపేట ఒకటి. అది నేటి గొలుగొండ మండలములోనిదే. బండిదారి వేసినవాని కూలి ఎగవేసిన ఫలితము అది. ఆటగాడు ఇట్టిదానిని అశాంతి యను అంకెగా చూచి, నాలుగు పటాలములను పంపి, అంకె తగ్గినదని తృప్తి చెందును.

ఆటలో అన్నియు పట్టునా, చదరంగములో భటుని తల్లిని చూపుచున్నారా యని కొందరడుగవచ్చును. నిజమే. కాని చదరంగము తన్ను చరిత్రయని చెప్పుకొనలేదు. ఈ ఆటలు నిజమైన పటమును, నిజమైన రాజుల పేర్లను, సంవత్సరములను పెట్టుకొని చరిత్రపేర విపణికి వచ్చుచున్నవి. చరిత్ర పేరు వాడుకొన్నవారు చరిత్రకు జవాబు చెప్పవలెను. అట్లని వీనిని నిషేధింపుమనుట అవివేకము. కళాశాలలలో చరిత్ర, సాహిత్య శాఖలవారు ఈ ఆటను ప్రక్కన పెట్టుకొనియే మోటుపల్లి శాసనమును బోధింపవచ్చును. పది ఓడలు గొప్పవా, ముప్పదింట ఒకపాలను మాట గొప్పదా యని విద్యార్థులచేత వాదింపజేయవచ్చును. హైదరాబాదున ఆటలు తయారుచేయు నేర్పరులు ఎందరో కలరు. రేవును నిలుపుటకు దండు, అభయము, పనివాని కూలి అను మూడు సాధనములును గల తెలుగుతీరపు ఆటను వారు కల్పింపరాదా? మూడవదానిని ఎగవేసినవాడు మొదటి రెండును ఉండియు ఓడునట్లు ఆ ఆటకు నియమము పెట్టవలెను.

తూర్పు నౌకాదళపు ప్రధానస్థానము నేడు విశాఖపట్నముననే కలదు. తీరమునకు దాని రక్షణ అవసరమే. దానిని కాదనువారు లేరు. కాని రేవున నిలిచిన ఓడలను లెక్కపెట్టు యువకుడు వాని వెనుకనున్న బండ్లను, బండ్ల వెనుకనున్న మగ్గములను, మగ్గముల వెనుకనున్న చేతులను కూడ లెక్కపెట్ట నేర్వవలెను. ఆ లెక్క నేర్పుట కంప్యూటరుయొక్క పని కాదు. నేర్చిన పెద్దల పని.