నందివర్ధనానికో క్షమాపణ

పెరటితోట ఉన్నది పువ్వుల కోసమేనని చాలాకాలం నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం తప్పని తెలియజెప్పింది నేను కొట్టించేసిన ఒక నందివర్ధనం.

మా బావి పక్కన అది ఎప్పటినుంచో ఉండేది. ఏడాది పొడవునా ముదురాకుపచ్చగా, రోజూ కాసిని తెల్లపూలతో, ఎవరి కంటా ప్రత్యేకంగా పడకుండా నిలబడి ఉండేది. ఒక ఏప్రిల్‌లో నర్సరీకి వెళ్ళి, విరగబూసిన మల్లెపొదలు చూసి మనసు పారేసుకున్నాను. చోటు చాలక నందివర్ధనాన్ని కొట్టించి, ఆ వరుసంతా మల్లె నాటించాను. అమ్మ వద్దంది; వినలేదు.

ఆ వేసవి గుబాళించింది. కార్తికం నాటికి పెరట్లో పువ్వన్నది లేదు. మరుసటి వేసవి పూతకోసం మార్గశిరంలో కొమ్మలు కత్తిరించాక పుల్లలే మిగిలాయి. రోజూ తెల్లవారి సజ్జ పట్టుకుని పెరట్లోకి వెళ్ళే అమ్మ, ఖాళీ సజ్జతో తిరిగివచ్చింది. ఒక్క మాటా అనలేదు.

నర్సరీలో మనల్ని మురిపించేది ఆనాటి పూత; ఇంటికి వచ్చేది పన్నెండు నెలల మొక్క. అందుకే, తోట వేసేవారు మొదట నాటవలసింది ఏడాదంతా ఆకు నిలుపుకునే మొక్కల్నని నా అభిప్రాయం. నందివర్ధనం, మందారం, నూరువరహాలు ఆకుతోపాటు దాదాపు అన్ని నెలల్లోనూ అంతో ఇంతో పూస్తాయి కూడా. గన్నేరూ అంతే గాని అది విషం, పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు. వీటి నడుమ ఋతువుకొకటి చేర్చుకోవచ్చు: వేసవికి మల్లె, శరత్తుకు పారిజాతం, చలికాలానికి డిసెంబరాలు. ఎండల్లో పారిజాతం ఆకు రాల్చినా, చలికాలంలో దేవగన్నేరు మోడయినా, పక్కన పచ్చదనం ఉంటే పెరడు బోసిపోదు.

ఇంగ్లండు తోటల పుస్తకాలు నిత్యహరితాలను మంచుకాలం కోసం నాటమంటాయి. మనకు మంచు లేదు. శిశిరమూ, రోహిణి కార్తె ఎండలూ ఉన్నాయి. అవసరం మాత్రం ఒక్కటే.

ఆకులు చూడటానికి తోటెందుకని మిత్రులు అడగవచ్చు. మల్లె తెల్లదనం కంటికి అంతగా ఆనేది కూడా వెనకనున్న ఆకుపచ్చ వల్లనే కదా!

పోయిన వానాకాలంలో ఒక నందివర్ధనం కొమ్మ తెచ్చి నాటాను. మోకాలెత్తు ఎదిగింది, ఇంకా పూయలేదు. అమ్మ రోజూ చెంబెడు నీళ్ళు పోస్తోంది. మీ పెరట్లో దేన్నైనా కొట్టించబోయే ముందు, మార్గశిరం దాకా ఆగి, అప్పుడది ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి.