పిట్టల చేనుకు నీలి చీటీ ఎందుకు?

"అది మేత గింజండీ, విత్తనం కాదు. చల్లినా మొలవదు." పక్షుల కొట్లో మేత గింజ కొని, పిట్టల కోసం నాలుగు సెంట్లలో చోళ్ళో గంటెలో చల్లుదామని అనకాపల్లిలో ఎవరు బయల్దేరినా ముందు ఎదురయ్యే మాట ఇదే. విత్తనాల దుకాణంలో అంటారు. పొలం గట్టు మీద అంటారు. మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని మేడ మీద మట్టి మూకుడు పెట్టి ఫొటో దిగిన వాళ్ళూ అంటారు. ఇందరు ఇంత ధీమాగా చెప్పే మాట మన వంటింట్లోనే వీగిపోతుంది. పసిపిల్లకు చోడి మాల్టు కావాలంటే ఏం చేస్తున్నాం? కిరాణా కొట్లో చోళ్ళు తెచ్చి, నానబోసి, గుడ్డలో మూటగట్టి ఉంచుతున్నాం. మర్నాటికి మూట విప్పితే తెల్లటి మొలకలు ఒకదానికొకటి చుట్టుకుని కనిపిస్తాయి. ఆ చోళ్ళకు ఏ శాఖ చీటీ కట్టింది? మొలవకపోతే పాత సరుకు అంటగట్టాడని కొట్టువాడితో తగువుకు కూడా వెళతాం.

మొలిచే గింజ ఏదో, మొలవనిది ఏదో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చోళ్ళు, గంటెలు, జొన్నలు కల్లంలో నూర్చగానే పొట్టు వదిలేస్తాయి. మరకు వెళ్ళే పని లేదు, కాబట్టి మొలక ముక్కు చెడదు. కొర్రలు, సామలు, ఊదలు అలా కాదు. వాటికి గట్టి పొట్టుంటుంది. మనం వండుకోవడానికి ఆ పొట్టు తీసేటప్పుడు మొలక కూడా చాలావరకు దెబ్బతింటుంది. పిట్టకు ఆ సేవ అక్కర్లేదు. పొట్టు అదే ముక్కుతో ఒలుచుకుంటుంది. అందుకే పంజరం పిట్టల కోసం అమ్మే చవక కొర్రలు పొట్టుతోనే ఉంటాయి. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక మనుషుల కోసం అందమైన సంచుల్లో వచ్చిన ఖరీదైన కొర్ర బియ్యం మొలవదు, పక్షుల కొట్లో విడిగా తూచి ఇచ్చేది మొలుస్తుంది. ఇక్కడ ఖరీదు చూసి మోసపోతే మన తప్పే.

నమ్మకం లేకపోతే పక్షుల కొట్టు మేతను ఒకసారి చేటలో పోసి చూడండి. ఎక్కువ భాగం పసుపు కొర్రలు, మధ్యలో బూడిదరంగు గంటెలు, కొన్ని చోళ్ళు, విరిగిన జొన్నలు, అడుగున ఊక, దుమ్ము. చెరిగేస్తే తాలు పోతుంది. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి వారం పాటు ఆరనివ్వకుండా ఉంచితే ఎన్ని మొలిచాయో కళ్ళకే కనబడుతుంది.

దానికి వచ్చే జవాబు నాకు తెలుసు: ధ్రువీకరించిన చోడి విత్తనంలో కనీసం 75 శాతం మొలక ఉండాలి, మేత గింజకు ఆ హామీ ఎక్కడిది? హామీ లేదు, నిజమే. కానీ ఆ ప్రమాణం ఎవరి కోసం పెట్టారు? అప్పు తెచ్చి దుక్కి దున్ని, మొలక రాకపోతే ఏడాది పోగొట్టుకునే రైతు కోసం. ధ్రువీకరించిన విత్తనం సంచికి కట్టే నీలి చీటీ అతనికి ప్రాణాధారం. దాన్ని నేను తక్కువ చేయను. పిట్టల చేనుకు అప్పూ లేదు, మార్కెట్టూ లేదు. వెదజల్లే పద్ధతిలో చోళ్ళు ఎకరాకు మూడు నాలుగు కిలోలు పడతాయి. అంటే ఐదు సెంట్లకు పావు కిలో లోపే. కిలో చోళ్ళలో మూడు లక్షలకు పైగా గింజలుంటాయి. సగమే మొలిచాయనుకోండి, ఇంకో గుప్పెడు ఎక్కువ చల్లండి. ఒక కంకి ముందు పండి, ఇంకొకటి పది రోజులు వెనకబడితే రైతుకు నష్టం. పిట్టకు మాత్రం అన్ని రోజులు ఎక్కువ తిండి.

అసలు పిట్టల కోసమని విత్తనాల దుకాణానికి వెళ్ళడమే ప్రమాదం. అక్కడి గింజల్లో చాలా వాటికి గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటుంది. అది అందం కోసం వేసింది కాదు. కొన్నింటికి శిలీంధ్రాల మందు, కొన్నింటికి పత్తి రైతులు గౌచో అని పిలిచే ఇమిడాక్లోప్రిడ్. మందు పట్టించిన విత్తనం తిండికీ, మేతకూ, నూనెకూ పనికిరాదని సంచి మీదే రాయాలని 1968 విత్తన నిబంధనలు చెబుతున్నాయి. వెదజల్లినప్పుడు మట్టి కప్పకుండా పైన మిగిలిన అలాంటి గింజలు కొన్ని తిన్నా చాలు, చిన్న పిట్ట ప్రాణం మీదికి వస్తుంది. పిట్టను బతికించబోయి మందు గింజ చల్లమనే సలహా ఒక్కటే నాకు అర్థం కాదు.

మేత గింజ మొలవదన్న మాట ఒకచోట నిజం. అదీ మన గింజ విషయంలోనే. అరకు, పాడేరు కొండల్లో శీతాకాలం పసుపుపచ్చగా పూసి, ఫొటోల కోసం జనాన్ని రప్పించే వలిసెల గింజ అమెరికాలో పిట్టల మేత. మన దేశం నుంచీ, ఇథియోపియా నుంచీ ఓడల్లో వెళుతుంది. అందులో బంగారు తీగ అనే కలుపు విత్తనాలు కలిసి వస్తాయని అక్కడి ప్రభుత్వం వేడి పట్టిస్తే గానీ లోపలికి రానివ్వదు. ఆ వేడికి వలిసెలు కూడా చాలావరకు మొలిచే శక్తి పోగొట్టుకుంటాయి. అక్కడ అడవి జంతువుల కోసం మేత చేలు వేసే అలవాటు బాగా ఉంది. చాలామందికి అది వేట సరదాలో భాగం. అలా చవక మేతతో చేను వేసే అమెరికా వాడు వలిసెల దగ్గర తలపట్టుకుంటే అర్థముంది. కొండ ఎక్కితే వలిసెలు దొరికే మనకు ఆ బెంగ ఎందుకు?

బంగారు తీగ బెంగ మాత్రం మనకీ ఉండాలి. మేత గింజ మీద వచ్చే అభ్యంతరాల్లో నేను ఒప్పుకునేది ఈ కలుపు ఒక్కటే. వరి కోశాక మినుము చల్లే మడి పక్కన, జల్లించని వలిసెలు వేయకూడదు. ఊద కలిసిన మేతను వరి గట్టు మీద చల్లితే మీ పొలానికి మీరే కలుపు నాటినట్టు. దిగుమతి గోధుమలతో పాటు వచ్చి 1950ల్లో పుణె దగ్గర కంటబడిందని చెప్పే వయ్యారిభామ ఇప్పుడు లేని ఊరు లేదు. గింజతో వచ్చే కలుపును తేలిగ్గా తీసుకోకూడదని అదే నేర్పింది. అందుకే జల్లెడ పట్టాలి, ఏ మొక్కో తెలియనిది మొలిస్తే పూతకు రాకముందే పీకాలి. ఇదేమీ ఐదు సెంట్లలో చేయలేని పని కాదు. అన్నట్టు, జాతీయ రహదారి పక్కన రాళ్ళు పాతి వదిలేసిన వెంచర్లలో ఏళ్ళ తరబడి వయ్యారిభామే పెరుగుతోంది. పిట్టల చేను వల్ల కలుపొస్తుందని వాపోయేవారు అటు చూస్తున్నట్టు లేదు.

ఇక పక్క చేలో వాళ్ళ మాట: "పిట్టల్ని పిలిచి మా వరి మీదికి తోలుతావా?" పిట్టలకు మన పిలుపు అక్కర్లేదు. కంకి పాలు పోసుకునే రోజులు జీనువాయిలకు మనకన్నా బాగా తెలుసు. ప్రకృతి సేద్యం చేసేవాళ్ళు చేను చుట్టూ జొన్న, గంటె వరసలు వేసేది పురుగుకు అడ్డుగా మాత్రమే అనుకోవద్దు, ఆ కంకులు పిట్టలకూ తిండే. అయినా ఒంటరిగా ముందు పండే వరి మడి పక్కన మాత్రం పిట్టల చేను వద్దు. రావికమతం, గొలుగొండ వైపు కొండవార పొలాల్లో మేతలో కలిసిన మొక్కజొన్న ఏరి పారేయండి. అది అడవి పందికి విందు.

మూకుడులో గింజలు పోస్తే సరిపోదా అనేవారికి ఒక ప్రశ్న: గుడ్డు పగిలి వచ్చిన పిచ్చుక పిల్ల ఏం తింటుంది? గింజ కాదు, పురుగు. గిజిగాడూ పిల్లలకు మిడతలూ పురుగులూ తెచ్చి పెడుతుంది. మూకుడులో పురుగు పుట్టదు. ఏరువాకకు చల్లిన గంటె చేలో ఆకు మీద పురుగు ముందు వస్తుంది, మూడు నెలలకు కంకి వస్తుంది. పిల్లలకూ పెద్దలకూ ఒకే చోట తిండి. మూకుడు చుట్టూ చివరికి మిగిలేవి పావురాలే.

కంకులు కోయకుండా చేలోనే ఉంచాలి. పిట్టలు తినగా మిగిలిన వాటిలో మంచివి నాలుగు తెచ్చి ఎండబెట్టి దాచుకుంటే వచ్చే ఏడు మేత గింజ కూడా కొనక్కర్లేదు. పండించినవాడు తన ఇంటి దగ్గరే పొరుగువాడికి నేరుగా ఇచ్చే విత్తనం జోలికి 1966 విత్తన చట్టమే పోదు. దాచుకోవడం, మళ్ళీ విత్తుకోవడం రైతు హక్కని 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం రాసిచ్చింది. బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే.