దుకాణపు కంప్యూటరుకు తాళం వేశారా?

ఎరువుల డీలరు మిత్రులారా! ఇంటినుండే దుకాణం లెక్కలు చూసుకోవాలన్న మీ కోరిక సమంజసమే. అయితే అందుకోసం రూటరులో 3389 పోర్టును తెరచి ఉంచడం గోదాముకు తాళం వేయకపోవడమేనని నా అభిప్రాయం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడేది ఆ పోర్టునేనని దొంగలకు తెలుసు. వారి యంత్రాలు రాత్రింబవళ్ళు పాస్‌వర్డులను ఊహిస్తూనే ఉంటాయి. చొరబడినవారు ఖాతాలను తెరవరాకుండా బంధించి సొమ్ము అడుగుతారు. స్టాకు స్టేట్‌మెంటు లేనిదే క్యాష్ క్రెడిట్‌లో డ్రాయింగ్ పవర్ నిర్ణయించడం మాకు సాధ్యం కాదు. సీజనులో ఆ ఇబ్బంది ఎంతటిదో మీకు చెప్పనక్కరలేదు.

పోర్టు నంబరు మార్చితే చాలునన్న మెకానిక్ మాట నమ్మకండి. వైర్‌గార్డ్ అనే వి.పి.ఎన్. ఉచితంగా లభిస్తుంది, తాళంచెవి లేనివారికి అది జవాబే ఇవ్వదు. ఒక్కొక్క ఫోనుకు వేరు తాళంచెవి ఇవ్వండి. గుమాస్తా మానివేసిన రోజే అతనిది రద్దు చేయండి. చాలామంది మరచేది ఇదే.