సార్‌ని పిలవండి!

నేనింతవరకూ రాసిన నవలల్లో మూడింటిలో కథానాయిక కారు దారిలో ఆగిపోయింది. మూడుసార్లూ నాయకుడు ఎక్కడినించో ఊడిపడి, చొక్కా చేతులు మడిచి, బానెట్ ఎత్తి, "ఏదో" చేశాడు. కారు కదిలింది. కథా కదిలింది. ఆ "ఏదో" ఏమిటని ఒక్క పాఠకురాలూ ఉత్తరం రాసి అడగలేదు. అడిగి ఉంటే నా పరువు పోయేది. నేను చదివింది బి.ఏ. అందులో ప్రబంధాలున్నాయి గాని పిస్టన్లు లేవు.

ఆ పాపానికి శిక్ష పోయిన ఏడు పడింది.

మాకు సెకండ్‌హాండ్‌లో కొన్న కారొకటుంది. నడిపేది నేనే. మావారికి రోడ్డంటే భయం. ఉన్నట్టుండి కారు తీరు మారింది. గుంటూరులో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కరిదే తప్పనుకుని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు.

"బాబూ, బండి లాగడం లేదు. ఆక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది గాని ముందుకి పోవడం లేదు" అన్నాను.

"ప్రాబ్లం ఏ పార్టులో మేడం?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను నాయనా?"

"సార్‌ని పిలవండి మేడం. సార్‌తో మాట్లాడతాను."

సారుకి ఫోన్ చేసి ఇచ్చాను. మావారు కాలేజీలో చరిత్ర చెబుతారు. మూడు పానిపట్టు యుద్ధాలూ తేదీలతో సహా చెప్పగలరు. మా కారుకి పెట్రోలు ఎటువైపు పోస్తారో చెప్పలేరు. ఆ కుర్రాడు వరసపెట్టి పది ఇంగ్లీషు మాటలన్నాడు. మావారు పదింటికీ "ఊఁ" కొట్టారు. ఇద్దరు మగాళ్ళూ తృప్తిపడ్డారు. బిల్లు నేను కట్టాను. అందులో "హెడ్ గ్యాస్కెట్" అని ఒక వరసా, దానికి కూలి ఇంకో వరసా ఉన్నాయి.

వారం తిరక్కుండానే మా అమ్మాయీ నేనూ ఒంగోలు నించి వస్తున్నాం. చీకటి పడుతోంది. చిలకలూరిపేట దాటాక కారు మళ్ళీ మొరాయించింది. అరుపేగాని నడక లేదు. వెనక మిర్చి టిక్కీల లారీలు హారన్లు కొడుతున్నాయి. చెమటలు కక్కుతూ కారుని పక్కకి తీశాను. కాస్త దూరంలో రేకుల షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. వర్క్‌షాపులో చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను.

ఆయన నవ్వి, "ఇంకేం కావాలి తల్లీ? క్లచ్చు జారతందని మీరే చెప్పారుగా. ఈ ముక్క వాళ్ళకి చెప్పలేదా?" అన్నాడు.

చెప్పానని బిల్లు చేతికిచ్చాను. చూశాడు. బానెట్ ఎత్తి లైటు వేసి చూపించాడు. "హెడ్డు దించందే ఈ గ్యాస్కెట్టు మార్చలేరమ్మా. పైమూత బోల్టుల మీద మట్టీ నూనే ఎట్టా పేరుకున్నయ్యో చూడండి. వీటి మీద పానా పడి ఏళ్ళయింది."

వెయ్యని గ్యాస్కెట్టుకి డబ్బు కట్టానన్నమాట. చీకట్లో ఎదిగిన పిల్లతో నడిరోడ్డు మీద నిలబడ్డానన్నమాట. ఎందుకని? నాకు జబ్బు తెలియక కాదు. దాని పేరు తెలియక.

అసలు క్లచ్చంటే ఏమిటని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "తిరగలి చూశారుగా! పైరాయి కింది రాతి మీద కూచుంటేనే పిండి పడేది. కాస్త ఎత్తిపట్టుకుని తిప్పారనుకోండి, తిరగడం తిరుగుతుంది, పిండి రాదు. కాలితో క్లచ్చు తొక్కడమంటే పైరాయి ఎత్తడం. వదలడమంటే దించడం. మీ బండిలో రాయి అరిగిపోయింది. దించినా పట్టడం లేదు" అన్నాడు.

నిమిషం పట్టలేదు. నలభై ఏళ్ళు దాటినా నాకెవరూ చెప్పని మాట, చెప్పడానికి నిమిషం పట్టలేదు!

"ఆడవాళ్ళకి ఆ పేర్లు నోరు తిరగవండీ" అంటారు. అయ్యా, మీరు మా జిల్లాల ఆడవాళ్ళ నోరు ఎప్పుడైనా విన్నారా? పత్తిచేలల్లో కూలికెళ్ళే అక్షరం రాని స్త్రీలు ఒకప్పుడు మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అని తడబడకుండా అనేవాళ్ళు. మిర్చి యార్డులో తొడిమలు తీసేవాళ్ళు తేజా ఏదో, తాలు ఏదో చీకట్లోనైనా చెప్పగలరు. పేరు నోటికొస్తేనే చాలదనుకోండి. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు మావైపు రైతులకి మందుల పేర్లన్నీ కంఠతా వచ్చు. ఏ మందు ఏం చేస్తుందో, ఎంతకి మించితే ఎదురు తిరుగుతుందో చెప్పినవాళ్ళు లేరు. ఆ ఏడాది అప్పులూ చావులూ ఇంకా ఊళ్ళు మరచిపోలేదు. అంచేత పేరుతోపాటు ఆ వస్తువు చేసే పనీ చెప్పాలి. చెప్పకుండా పేరు మాత్రం విసిరేవాడు మనల్ని మోసం చేయడానికి సగం సిద్ధమైనట్టే.

వంటింట్లోకి రండి. కుక్కర్లో గ్యాస్కెట్టుంది. ఆవిరి పోతుంటే మనమే మారుస్తాం. ఇంజనులో గ్యాస్కెట్టూ అదే పని చేస్తుంది, రెండు ఇనప ముక్కల సందులోంచి ఒత్తిడి జారిపోకుండా. గ్రైండరుకి బెల్టుంది. మిక్సీకి బుష్షుంది. కుట్టుమిషనులో నూనె ఎక్కడ వెయ్యాలో మన అమ్మలకి తెలుసు. ఇన్ని తెలిసిన మనిషిని బానెట్ ముందు నిలబెట్టి "సార్‌ని పిలవండి" అంటే, అది జ్ఞానం కాదు, పొగరు.

"ఇవన్నీ ఇంగ్లీషు మాటలు. ముందు తెలుగు పేర్లు పెట్టాలి" అనే పెద్దలూ ఉన్నారు. వాళ్ళకీ ఓ నమస్కారం. షెడ్డులో తెలుగు ఎప్పుడో పుట్టింది, మీరే వినలేదు. హెడ్డు దించారు. క్లచ్చు జారుతోంది. గేరు పడటం లేదు. స్టీరింగు ఓ పక్కకి లాగుతోంది. బ్యాటరీ దిగిపోయింది. ఇంజను పట్టేసింది. ఈ మాటల్లో నామవాచకాలు సీమనించి వస్తే వచ్చాయి. క్రియలన్నీ మనవే. జబ్బంతా క్రియలోనే ఉంది. జారడం, లాగడం, పట్టేయడం తెలియని ఆడది ఎవరు? బిల్లు మాత్రం అంతా నామవాచకాలే. మనల్ని బెదిరించేది అవే. అవి నేర్చుకోవడానికి ఓ నెల చాలు. నేను నేర్చుకున్నాను గనక చెబుతున్నాను.

ఆ నామవాచకాలయినా ఏమంత దైవదత్తమైనవి? మనం స్పేర్ చక్రాన్ని స్టెప్నీ అంటాం. అది వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్ళో ఒక వీధి పేరు. 1904లో ఆ వీధిలో కొట్టున్న అన్నదమ్ములు అదనపు చక్రం తయారు చేసి దానికి వీధి పేరు పెట్టారు. అంతే! మన వడ్రంగులూ అలాగే ఎద్దుబండి చక్రానికి కుండ, ఆకులు, ఇరుసు, చీల అని ఇంట్లోనూ చెట్టుమీదా ఉన్న మాటలు తెచ్చి పెట్టారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. 1971లో చేనేత మాటలతో సంపుటం వచ్చింది. రైతుల నోటినించీ, నేతగాళ్ళ నోటినించీ ఏరిన మాటలవి. ఆటోనగర్ల మాటల్నీ అలా ఏరండి. ఒక్కో మాట పక్కన బొమ్మ వేసి, అది చేసే పని రెండు ముక్కల్లో రాసి, ఆడపిల్లల హైస్కూళ్ళలో కూడా పెట్టండి. కొత్త మాటలు కనిపెట్టే శ్రమ మీకు తప్పుతుంది, మోసపోయే బాధ మాకు తప్పుతుంది.

అసలు కారు మీద మొట్టమొదట దూరప్రయాణం చేసింది ఎవరనుకున్నారు? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని పుట్టింటికి సుమారు నూరు కిలోమీటర్లు వెళ్ళింది. పెట్రోలు గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకులు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. దగ్గర సారు లేడు, పిలవడానికి ఫోనూ లేదు. ఆవిడ ఆ రోజు "ఆయన్ని రానివ్వండి" అని కూచుని ఉంటే కారు ఎన్నాళ్ళు షెడ్డులో ఉండేదో!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. తప్పు వర్క్‌షాపుదే కాదు. "నాకా కారు సంగతులేం తెలియవండీ" అని మురిపెంగా నవ్వే ఆడవాళ్ళది. తెలియకపోయినా "ఊఁ" కొట్టే మగవాళ్ళది. మూడు నవలల్లో బానెట్ కిందికి తొంగి చూడనివ్వని నాదీను.

మొన్న సర్వీసుకి ఇంకో చోటికి వెళ్ళాను. "బ్రేకు తొక్కితే కీచుమంటోంది. ముందు చక్రాల ప్యాడ్లు చూడు బాబూ. మారిస్తే పాతవి నా చేతికియ్యి" అన్నాను. కుర్రాడు అలవాటుగా "సార్..." అనబోయి, నా మొహం చూసి, మిగతా మాట మింగేసి పానా అందుకున్నాడు.

పాత ప్యాడ్లు నా రాతబల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుకి పెట్టుకున్నాను. వాటి కింద కొత్త నవల ఉంది. అందులోనూ కథానాయిక కారు ఆగిపోతుంది. నాయకుడు వస్తాడు. రానివ్వండి పాపం. టార్చిలైటు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలిగా!